భుజం మీద చెయ్యి

ఇలా దగ్గరికి జరగండి, ఆ ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి. ఒక కాలేజీ పిల్లకి జరిగింది చెబుతాను.

ఆ పిల్లని కాలేజీలో అందరూ కత్తెర అని పిలిచేవారు. విద్యార్థుల పత్రికకి తనే సంపాదకురాలు. ఎవరు ఏది రాసుకొచ్చినా సగం కోసి పారేస్తుంది. అంతటి నోరున్న పిల్ల ఆ సాయంత్రం వాళ్ళమ్మ ముందు తల దించుకుని నిలబడింది. వాళ్ళమ్మ చేతిలో నమూనా పత్రిక, అదీ చివరి పేజీ తెరిచి. ఆ పేజీలో ‘కనబడుట లేదు’ అని పెద్ద అక్షరాలు, కింద బుల్లి గౌను వేసుకున్న పాప ఫొటో, దాని కింద కత్తెర ఫోను నంబరు. ఆ పాప మరెవరో కాదు, చిన్నప్పటి కత్తెరే.

“ఎవర్నడిగి తీశావే బీరువాలోంచి?”

“అది ఉత్తుత్తి ప్రకటనమ్మా. అసలు పత్రికలో ఉండదు.”

కత్తెర నచ్చజెప్పబోయింది. పోయినేడాది పత్రికని ఎవరూ చదవలేదు, బల్లలు ఊగకుండా కాళ్ళ కింద పెట్టుకున్నారు. ఈసారి చదివేవాళ్ళకి ఏం కావాలో ముందే కనుక్కోవాలి, వాళ్ళు చివరి పేజీ దాకా వస్తారని చూపించాలి, లేకపోతే పత్రికే ఉండదని పత్రిక బాధ్యత చూసే మేడమ్ తేల్చేసింది. అందుకని కొన్ని నమూనా కాపీలు తీసి పంచారు. ఇంట్లోవాళ్ళకి కూడా చూపించి ఏమన్నారో చెప్పమన్నారు. చివర్లో ప్రకటన చోటు ఖాళీగా ఉంది. అక్కడ చూపు ఆగుతుందో లేదో తెలియాలి కదా, అందుకే ఈ ఎర. వేరేవాళ్ళ పిల్ల ఫొటో పెడితే గొడవ, తనదైతే అడిగేదెవరు?

“బతికున్న పిల్లని తప్పిపోయిందని అచ్చేసుకుంటారటే ఎవరైనా? అన్నీ వెనక్కి తే. ఒక్కటి కూడా బయట ఉండటానికి వీల్లేదు.”

అమ్మ చాదస్తం ఇవాళ్టిది కాదులే అని కత్తెర లోపల్లోపలే నవ్వుకుంది. తను తుమ్మితే దుప్పటి కప్పే మనిషి. బస్సు కాస్త ఆలస్యమైతే చేతి తడి ఆరకుండానే వీధి చివరికి పరిగెత్తే మనిషి.

మర్నాడు కాపీలు వసూలు చేస్తూ ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని అభిప్రాయాలు అడిగింది. కవితల పేజీని రాసినవాడు తప్ప ఇంకొకరు చదవలేదు. ప్రిన్సిపాల్ సందేశం దగ్గర ఆవలింతలు వచ్చాయట. అక్షరాలు మరీ చీమల్లా ఉన్నాయని ఒకరు, బొమ్మలు చాలలేదని ఒకరు. చివరి పేజీ దగ్గర మాత్రం అందరూ ఆగారు. ఆగి, అందరూ ఒకటే అడిగారు. ఆ పాప భుజం మీది చెయ్యి ఎవరిది?

నిజమే. పాప ఒక పీట మీద నిలబడి ఉంది. భుజం మీద ఒక ఆడమనిషి చెయ్యి, వేలికి ఆకు ఆకారం ఉంగరం. ఆ చేతి తాలూకు మనిషి మాత్రం లేదు.

మేడమ్ కూడా అదే పట్టుకుంది. “కోయడంలో నీ తర్వాతే ఎవరైనా అనుకున్నాను. మనిషిని కోసేసి చెయ్యి వదిలేశావేంటి?”

“నేను కోయలేదు మేడమ్. మా ఇంట్లో ఫొటోయే అంత.”

ఎవరో చుట్టమని, ఫ్రేములో పట్టక కత్తిరించామని అమ్మ ఎప్పుడో చెప్పింది. కత్తెర అంతకు మించి అడగలేదు. ఏదైతేనేం, అందరూ చివరి పేజీ దాకా వచ్చారని తేలింది కాబట్టి పత్రిక వేయడానికి మేడమ్ సరేనంది. కత్తెర కాళ్ళు నేల మీద నిలవలేదు.

కాపీలన్నీ చేతికొచ్చాయి, ఒక్కటి తప్ప. అది తీసుకెళ్ళిన క్లాసు పిల్ల నీళ్ళు నమిలింది. వాళ్ళ పెద్దమ్మ ఆ పత్రికని పట్టుకుని వదలడం లేదట. కత్తెర ఇల్లెక్కడో అడిగి తెలుసుకుని, తన అభిప్రాయం తనే వచ్చి చెబుతానందట. కత్తెర మురిసిపోయింది. అంత శ్రద్ధగా చదివేవాళ్ళు దొరకడం మాటలా?

సాయంత్రం అమ్మ వంటింట్లో ఉండగా ఆ పెద్దావిడ రానే వచ్చింది. కుర్చీ అంచున కూర్చుని పత్రికని ఒళ్ళో పెట్టుకుంది. కత్తెర పెన్ను తీసి, ఏ పేజీ బాగుందండీ అని అడిగింది. ఆవిడ చివరి పేజీ మీద చెయ్యి ఆనించింది. ఆ వేలికి ఆకు ఆకారం ఉంగరం.

“ఆ చుట్టం మీరేనా? అమ్మా, ఇలా రా, మన చుట్టం దొరికింది.”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ఆవిడ నవ్వలేదు. కత్తెర మొహంలో దేన్నో వెతుక్కుంటోంది. “ఈ పేజీలో ఒక్కటే తప్పుందమ్మా,” అంది మెల్లగా. “ఈ ప్రకటన ఇవ్వాల్సింది నువ్వు కాదు, నేను. ఇచ్చాను కూడా. అప్పట్లో ఏ పేపరూ వదల్లేదు.”

ఆవిడ సంచీలోంచి ఒక పాత ఫొటో తీసి పత్రిక పక్కన పెట్టింది. అదే పీట, అదే గౌను, అదే పాప. ఇది మాత్రం కోయని ఫొటో. పక్కన కుర్చీలో కూర్చుని, పాప భుజం మీద చెయ్యి వేసి నవ్వుతున్నది ఈవిడే, నిండు వయసులో. కత్తెర చెయ్యి చూస్తుండగానే తన భుజం మీదికి పోయింది. ఆ ఫొటోలో ఇంకొకరు కూడా ఉన్నారు.

ఇది గుర్తుపెట్టుకుని మీవాళ్ళకి చెప్పండి, కాకపోతే ఈ ఒక్క మాటని చివరి దాకా దాచి మరీ చెప్పండి: ఆ కుర్చీ వెనక పాలసీసా పట్టుకుని నిలబడి ఉన్న ఆయా, ఇప్పుడు వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న కత్తెర వాళ్ళమ్మే.