జపాన్ ముఖం

"ఆ జెల్లచేప మూతి నా వెనకాల వచ్చిందంటే ఈ క్లబ్బుకి నేను అధ్యక్షుడిగా ఉండను. ఇప్పుడే చెప్తున్నా!"

హజ్వాన్ టీ గ్లాసును బల్ల మీద ఠంగుమని పెట్టాడు. సెరెంబన్ ఊళ్ళో తమిళ ముస్లింలు నడిపే మామక్ హోటల్ ముందు కూర్చున్న క్లబ్బు సభ్యులంతా రోటీ నమలడం ఆపి తలెత్తారు. ఆదివారం పొద్దున్నే అందరూ కార్లు వరసకట్టి పోర్ట్ డిక్సన్ సముద్రం దాకా వెళ్ళాలి. పదకొండు కార్లు ఎప్పటివే. పన్నెండోది కొత్తగా వచ్చింది. గొడవంతా దాని ముఖం గురించే.

ఆ కారు సుహైలాది. దేశంలోనే తయారయ్యే చిన్న క్రాసోవర్. నిజానికి మిగతా పదకొండూ అవే కార్లు. కాకపోతే ఒక్కటీ సొంత ముఖంతో లేదు. అదే కారును జపాన్ కంపెనీ తన పేరుతో కూడా అమ్ముకుంటుంది. కొన్న నెల తిరక్కుండా ముందు గ్రిల్ పీకేసి, ఆ జపాన్ గ్రిల్, జపాన్ గుర్తు తెప్పించి బిగించుకోవడం ఈ క్లబ్బు ఆచారం. ఆ ఆచారం పెట్టిన మహానుభావుడు హజ్వానే.

"ఏం తక్కువైందన్నా నా కారుకి?" అంది సుహైలా.

"ఒకటా రెండా? ఆ లైట్లు చూడు, నిద్ర లేచి కళ్ళు నులుముకుంటున్నట్టు. ఆ నోరు చూడు, మేత వేస్తారని తెరిచి కూర్చున్నట్టు. చక్రాల చుట్టూ ఆ నల్ల ప్లాస్టిక్ ఒకటి! ఎప్పుడైనా బురదలో దిగే మొహమేనా అది? అటు కారూ కాదు, ఇటు జీపూ కాదు!"

"నల్ల ప్లాస్టిక్ మీ కారుకీ ఉందిగా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. హజ్వాన్ అటు తిరిగేసరికి అందరూ బుద్ధిగా పప్పు నంజుకుంటున్నారు.

"నా కారు ముఖానికి అది నప్పింది. నీదానికి నప్పలేదు" అన్నాడు.

"నాకు ఈ ముఖమే నచ్చింది. షోరూంలో చూడగానే నన్ను చూసి నవ్వినట్టనిపించింది. నచ్చి కొనుక్కున్న ముఖాన్ని పీకేసి, ఇంకొకరి ముఖం ఎందుకు తగిలించుకోవాలి? సిగ్గుపడాల్సిన పని నా కారేం చేసింది?"

పదకొండు కార్లకీ ముఖాలు మార్చిన ముసలి మెకానిక్ క్వాన్ మధ్యలో కలగజేసుకున్నాడు. "పోనీలేవయ్యా హజ్వాన్. పిల్ల ముచ్చటపడి కొనుక్కుంది. రానీ."

"మీరూరుకోండి అంకుల్. ఇవాళ ఈమెను రానిస్తే రేపు ఇంకొకడు నేనూ మార్చనంటాడు."

ఆ భయం ఉత్త భయం కాదు. ఇందాకే ఇద్దరు సభ్యులు సుహైలా కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, "చూడగా చూడగా బాగానే ఉందిరా" అనుకోవడం హజ్వాన్ చెవిన పడింది. అప్పట్నుంచీ అతనికి టీ రుచించడం లేదు.

"చూడు చెల్లెమ్మా, ముఖం మార్చుకుని రా. వరసలో నా వెనకే రెండో చోటు నీకిస్తా."

"మార్చను. చివర్లో వస్తాను."

"నువ్వొస్తే మేం కదలం!"

"అయితే ముందు నేను బయల్దేరతాను. మీరే నా వెనకాల రండి."

ఈసారి నవ్వు దాచుకోవడానికి కూడా ఎవరూ ప్రయత్నించలేదు. హజ్వాన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఇక మాటలతో లాభం లేదనుకుని, గబగబా తన కారు దగ్గరికి నడిచి, బానెట్ ఎత్తి, క్లిప్పులు లాగి ముందు గ్రిల్ ఊడదీశాడు. దాన్ని పసిపిల్లను అందించినట్టు రెండు చేతులతో సుహైలాకి అందించాడు.

"పట్టుకో. అసలైన జపాన్ సరుకు. ఓడలో వచ్చింది. బరువు చూడు, నునుపు చూడు. ఇప్పుడు వెనక్కి తిప్పు."

ఆమె తిప్పింది. లోపలివైపు ఎర్ర సిరాతో సున్న, సున్న మధ్యలో అడ్డగీత, పక్కన పద్నాలుగు అంకె ఉన్నాయి.

"ఆ ముద్ర చూశావా? అక్కడి పెద్ద మేస్త్రీ ఒక్కో ముక్కా స్వయంగా చూసి, వెయ్యింటిలో ఒక్కదానికి వేస్తాడట. పాత సామాన్ల యార్డువాడు నాకోసమే దాచి ఉంచాడు. మూడు నెలల జీతం పోశా. ఏం అంకుల్, మీరు బిగించినవాటిలో ఇలాంటి ముద్ర ఇంకో దానికుందా?"

"లేదు. నీ ఒక్కడిదానికే" అన్నాడు క్వాన్.

సభ్యులు చుట్టూ మూగారు. ఆ ముద్రను అంత దగ్గరగా చూడటం వాళ్ళకూ అదే మొదలు. సుహైలా గ్రిల్‌ను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని ఆ అంకెనే చూసింది. పిల్ల దారికొచ్చింది అనుకున్నాడు హజ్వాన్. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది.

"ఏం, ఇప్పుడు నమ్మావా?"

సుహైలా గ్రిల్ అంచు మీద మెల్లగా వేలు జరిపి, ఒక మూల ఆగింది. "కుడివైపు కింద క్లిప్పు పట్టదు కదన్నా?"

"అవునమ్మా!" అన్నాడు క్వాన్ ఆశ్చర్యంగా. "ఎంత నొక్కినా పట్టకపోతే రబ్బరు ముక్క దోపి నిలబెట్టా. నీకెలా తెలుసు?"

"ఈ మూల వంకరపోయింది అంకుల్. అచ్చులోంచి తీసేటప్పుడే."

ఆమె గ్రిల్‌ను జాగ్రత్తగా హజ్వాన్ చేతుల్లో పెట్టి, తన కారు తాళాలు తీసుకుంది.

"జపాన్ వాళ్ళకి పంపే గ్రిల్స్ కూడా ఇక్కడ నేను పనిచేసే ఫ్యాక్టరీలోనే తయారవుతాయన్నా. అందులో పనికిరానివి ఏరి, ఈ ఎర్ర ముద్ర వేసి చెత్తలో పారేయించే పద్నాలుగో నంబరు నాదే."