వాపస్

“కిటికీ మూసెయ్ బిడ్డా, ఎవరన్న చూస్తరు,” అన్నాడు రాజలింగం.

“ఎండ లేకుంటె ఇది పని చెయ్యది బాపూ.”

హైదరాబాదులో పరిశోధన చేస్తూ ఇంటికొచ్చిన కూతురు మౌనిక, రేపు కోరుట్ల కాలేజీలో చూపించాల్సిన గాజు సీసాను కిటికీలో పెట్టింది. అందులో కింద నీళ్లు, పైన నూనె, నడుమ సన్నని గీత.

దుబాయిలో కంపెనీ మూతపడి ఉత్త చేతులతో వచ్చిన రాజలింగం, ఆనాటి నుంచి గడప దాటలేదు. ఇప్పుడు గోడ చాటున నిలబడే సీసాలోకి తొంగిచూశాడు.

“ఏమైతది?”

“ఎండ తగలంగనే నీళ్లలున్న ఎలక్ట్రాన్ గీ గీత దాటి నూనెలకు పోతది. గప్పుడు నూనె రంగు మారుతది.”

“పోయి ఆడనే ఉంటదా?”

“గదే మా తిప్పలు. కొన్ని ఎంటనే వాపస్ అస్తయి. వాపస్ అచ్చినయి ఉత్త దండుగ బాపూ.”

నోరు జారాక గాని తానేమన్నదీ ఆమెకు తెలిసిరాలేదు. దుబాయి నుంచి ఎవరొచ్చినా ఈ వాడలో అడిగేది ఒకటే, చుట్టీయా, వాపసా అని: సెలవు మీద వస్తే చుట్టీ, పని పోయి వస్తే వాపస్. ఆమె తలెత్తలేకపోయింది.

రాజలింగం సీసా వంకే చూస్తున్నాడు.

“వాపస్ అచ్చినదాన్ని ఏం చేస్తరు మరి?”

“ఎండలనే ఉంచుతం,” అంది మౌనిక. “మల్ల దాటుతది.”

అతను గోడ చాటు వదిలి కిటికీ ముందుకు వచ్చాడు. వీధిలో పోతున్న పక్కింటి సతీశ్ బండి ఆపాడు.

“మామా! చుట్టీ మీద అచ్చినవా?”

రాజలింగం కిటికీ ఊచను గట్టిగా పట్టుకున్నాడు.

“కాదురా. వాపస్ అచ్చిన.”