కుక్కల చేతికి మందు

"కుక్కలా?" అన్నాడు పద్మనాభం.

ఆ ఒక్క మాటలో పట్టినంత వెటకారం పట్టించాడు.

"అవును సర్. గాలికి ఫ్లైట్స్ అన్నీ క్యాన్సిల్. స్నోమొబైల్‌లో వెళ్దామంటే నది మీద ఐస్ ఇంకా గట్టిపడలేదంట, బరువుకి విరుగుతుందంట. కుక్కబండి అయితే లైట్‌గా ఉంటది కదా," అంది నర్సు రేణు. "నది అవతలి ఊళ్ళో పాపకి ఇన్సులిన్ ఈ సాయంత్రం దాకానే ఉంది సర్. తొమ్మిదేళ్ళ పిల్ల."

అలాస్కాలో, నది ఒడ్డున, ఆ చిన్న ఊరికి ఆసుపత్రి ఒక్కటే. ఆసుపత్రికి ఫార్మసిస్టు పద్మనాభం ఒక్కడే. అంతకు ముందు పదేళ్ళు క్యారీ అనే పట్నంలో పెద్ద మందుల కంపెనీలో చేశాడు. అక్కడ ఉద్యోగం పోయి, వీసా నిలబెట్టుకోవడానికి ఇక్కడికి వచ్చి పడ్డాడు. వచ్చిన రోజు నుంచి ఈ ఊళ్ళో ఏదీ అతని కంటికి ఆనలేదు. అందులోనూ వీళ్ళ కుక్కల పిచ్చి చూస్తే ఒళ్ళు మండిపోయేది.

వందేళ్ళ కిందట నోమ్ అనే ఊళ్ళో పిల్లలకి డిఫ్తీరియా సోకితే, ఒకరి నుంచి ఒకరు అందుకుంటూ కుక్కబళ్ళ మీద మందు చేర్చారట. ఆ పేరు చెప్పుకుని ఏటా పందెం! ఆ రోజు స్కూళ్ళకి సెలవు. కుక్కల కాళ్ళకి మేజోళ్ళు. వాటిని కుట్టడానికి చర్చిలో ఆడవాళ్ళ కమిటీ ఒకటి.

"ఆ రోజుల్లో గతిలేక కుక్కల్ని కట్టారమ్మా. గతిలేకపోవడాన్ని పండగ చేసుకునేవాళ్ళని ఇక్కడే చూశాను," అన్నాడు.

రేణు ఫోన్ చేసి కుక్కబండి తోలే ఎల్సీని రమ్మంది.

ఉదయం ఎనిమిదిన్నరకి ఎనిమిది కుక్కలతో ఎల్సీ వచ్చి గుమ్మం ముందు ఆగింది. అరవై దాటిన మనిషి. పద్మనాభం కిటికీలోంచి చూసి మూతి విరిచాడు. సినిమాల్లోలా బొచ్చు, నీలికళ్ళు ఉంటాయనుకుంటే, బక్కచిక్కిన ఊరకుక్కల్లా ఉన్నాయి. ఒకదానికి సగం చెవి లేదు.

"ఈవిడ పందెంలో ఎన్నోది వస్తుంది?" అని రేణుని తెలుగులో అడిగాడు.

"పదకొండు సార్లు దిగారు సర్. లాస్ట్, లేకపోతే లాస్ట్‌కి ముందు. కానీ ఒక్క డాగ్‌కి కూడా ఏం కానియ్యలేదంట."

"భేష్! ప్రాణం మీదికొస్తే ఆఖరున వచ్చేవాళ్ళని పిలవాలన్నమాట."

ఫ్రిజ్ తీసి, రెండు నీలం సంచీల్లో ఒకటి బయటికి లాగి, తలుపుని కాలితో తోసేశాడు. చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది. నోరు మాత్రం ఎల్సీ మీదే ఉంది. ఇంగ్లీషులోకి మారి పావుగంట క్లాసు పీకాడు. గడ్డకడితే ఇన్సులిన్ ఎందుకూ పనికిరాదు, వేడెక్కినా అంతే. దారిలో తెరిచారో, పిల్ల ప్రాణం మీ నెత్తినే. చెబుతూనే సంచీకి నాలుగు చుట్లు టేపు చుట్టి, టేపు మీద సంతకం పెట్టాడు.

ఎల్సీ అందుకుని, "బరువుగానే ఉందే," అంది.

"చల్లదనం నిలిపే జెల్ ప్యాకులంటే బరువుంటాయి మేడమ్. మీకేం, లాగేది కుక్కలు కదా."

ఆవిడ కోటు విప్పి, సంచీని చంటిపిల్లని కట్టుకున్నట్టు పొట్టకి కట్టుకుంది. చలికి ఒంటి వేడే మేలంది. సగం చెవి కుక్క మూతి పైకెత్తి, సంచీని వాసన చూసి, కుయ్ కుయ్‌మంది.

"ఛీ ఛీ! మందు మీద మూతి పెట్టనిస్తారా ఎవరైనా?" అని పద్మనాభం రెండడుగులు వెనక్కి వేశాడు.

బండి కదిలింది. అప్పటిదాకా గోలగోలగా మొరిగిన కుక్కలు నోళ్ళు మూసుకుని పరుగందుకున్నాయి.

దారి ముప్పై మైళ్ళు. ఎల్సీ దగ్గరున్న జీపీఎస్ వల్ల బండి ఎక్కడుందో స్క్రీన్ మీద ఎర్రచుక్కగా కనిపిస్తుంది. ఊరు ఊరంతా ఫార్మసీలోకి వచ్చి ఆ చుక్కని చూస్తూ నిలబడ్డారు.

నది దగ్గర చుక్క ఆగిపోయింది.

పది నిమిషాలైంది. ఇరవై అయింది. పద్మనాభానికి పిల్ల గుర్తొచ్చి నిజంగానే భయం వేసింది. ఆ భయం కూడా తిట్టుగానే బయటికొచ్చింది.

"చెప్పానా, లేదా? బంగారంలాంటి మందు తీసుకెళ్ళి ముసలమ్మ చేతిలో పెట్టారు. మునిగింది, పోండి!"

"సర్, ప్లీజ్," అంది రేణు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చుక్క కదిలింది. ఐస్ పలచగా ఉన్న చోటుని తప్పించుకుంటూ చుట్టు తిరిగి, నది దాటి, అవతలి ఒడ్డెక్కింది. సరిగ్గా పన్నెండున్నరకి పాప ఉన్న ఊరు చేరింది. ఫార్మసీలో అరుపులు, ఈలలు. రేణు ఎవరో తెలియని పెద్దావిడని కావలించుకుని ఏడ్చేసింది.

"చూశారా సర్!"

"ఏం చూడాలి?" అన్నాడు పద్మనాభం. "కుక్కలకి పరిగెత్తడం వచ్చు, పరిగెత్తాయి. సంచీలో ఏముందో వాటికి తెలుసా? ఆ ముసలావిడకి తెలుసా? మోసేవాళ్ళకి మోయడం వరకే తెలుసు రేణూ. లోపల ఏముందో తెలిసినవాడు ఒకడుండాలి. ఈ ఊరికి ఆ ఒక్కణ్ణీ నేను."

ఫోన్ మోగింది. అవతలి ఊరి క్లినిక్ నుంచి. థ్యాంక్స్ చెబితే అందరూ వినాలని పద్మనాభం స్పీకర్ నొక్కి, చెయ్యెత్తి జనాన్ని నిశ్శబ్దంగా ఉండమన్నాడు.

"సర్, మీరు సంతకం పెట్టిన టేపు కోసి చూస్తే," అంది అక్కడి నర్సు అయోమయంగా, "డబ్బాలో పుల్లటి తెల్లన్నం, అందులో ఆవాలు, పైన వేయించిన మిరపకాయ ఒకటి ఉన్నాయి, పాప ఇన్సులిన్ ఎక్కడుందండీ?"