మెంబరుగారి ప్రమాణం

అటక మీద పన్నెండు నూలు మూటలున్నాయి. శుక్రవారంలోగా అవి తనవి కాకుండా పోవాలి. శనివారానికి మళ్ళీ తనవి కావాలి. అశ్వత్థప్పకు వచ్చిన చిక్కు ఇదే.

మూటలు నేతగాళ్ళ సొసైటీవి. యుద్ధం వచ్చాక నూలు సర్కారు కంట్రోలులోకి వెళ్ళింది. కోటా సొసైటీకి వచ్చేది. సొసైటీకి ప్రెసిడెంటు అశ్వత్థప్ప, పేటకు మునిసిపల్ మెంబరు కూడా ఆయనే. నేతగాళ్ళు ఇత్తడి బిందెలు కుదువబెట్టి వాటాలు కొన్న సొసైటీ అది. దళారుల పాలు చేయకుండా మన డబ్బు మన మగ్గాలకే పెట్టుకుందామని చెప్పి కొనిపించింది కూడా ఆయనే. ఇప్పుడు ఆ కోటా మగ్గాలకు బదులు అటక ఎక్కుతోంది. నెల రోజులుగా పేటలో అరవై మగ్గాలు ఆగిపోయాయి. కొన్ని ఇళ్ళలో పొయ్యి ఒక్కపూటే వెలుగుతోంది.

సోమవారం మీటింగులో చిక్కమ్మ లేచింది. మొగుడు లేని మనిషి, రెండు మగ్గాల మీద బతుకుతుంది.

"ఓటు అడిగేదానికి మా గడపకొస్తివి కదప్పా. నూలు యాడికి పోయిందని అడిగేదానికి మేము ఏ గడపకు రావల్ల?"

"మిల్లు నుంచి రాలేదు చిక్కమ్మా. యుద్ధం నడుస్తా ఉండాది. నన్నేం చేయమంటావు?"

"ఏమీ వద్దు. శుక్రవారం చౌడేశ్వరమ్మ ముందర కర్పూరం ఆర్పి చెప్పు. సొసైటీ నూలు నీ దగ్గర గానీ, నీదంటూ ఇంకొకరి దగ్గర గానీ పోగు కూడా లేదని చెప్పు. మేము నోరు మూసుకుంటాము."

అందరూ అదే న్యాయమన్నారు. వచ్చే నెలలో ఎన్నికలు. అశ్వత్థప్ప కూడా న్యాయమేనన్నాడు.

ఆయన మునిసిపాలిటీలో అబద్ధాలు చెప్పాడు, నూలు కంట్రోలు ఇన్స్పెక్టరుకు చెప్పాడు, భార్యకు రోజూ చెబుతాడు. అమ్మవారి ముందు మాత్రం ఎన్నడూ చెప్పలేదు. దొంగ ప్రమాణం చేసిన చిన్నాన్నకు ఏడాది తిరగకుండా చూపు పోవడం ఆయన కళ్ళారా చూశాడు.

బుధవారం ఆనేకల్ నుంచి మునినారాయణప్ప ఆయన అంగడికి వచ్చాడు. ఇదివరకు మూడుసార్లు ఆయన దగ్గర దొంగ నూలు రెట్టింపు ధరకు కొన్నవాడు. అలాంటివాడు పోలీసుల దగ్గరికి పోలేడు కనుక, అశ్వత్థప్పకు లోకంలో అంతకంటే నమ్మకస్తుడు లేడు.

"దాచిపెట్టేదానికి నేనుండాను కదన్నా," అన్నాడు అంతా విని.

"దాచిపెడితే అది నాదే అవుతాది. అమ్మవారికి తెలీదా? నీకు అమ్మేస్తాను. అన్నీ కలిపి రూపాయి."

"రూపాయా?"

"శనివారం అదే రూపాయికి నాకు తిరిగి అమ్ము. రెండు మూటలు నువ్వు ఉంచుకో."

మునినారాయణప్ప తల అడ్డంగా ఊపాడు. "మూడు," అన్నాడు.

గురువారం పొద్దున మూటల మీద గడ్డి కప్పుకుని ఎద్దుబండి ఆనేకల్ దారి పట్టింది. రూపాయి అశ్వత్థప్ప జేబులో పడింది.

శుక్రవారం గుడి కిటకిటలాడింది. ఇన్స్పెక్టరు కూడా వచ్చాడు. అశ్వత్థప్ప తడిబట్టలతో నిలబడి, చిక్కమ్మ చెప్పిన మాటలన్నీ ఒక్కటీ వదలకుండా గట్టిగా పలికి, వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పాడు. చెయ్యి కాలిందిగానీ మనసు చల్లగా ఉంది. పేట పెద్దలు పూలదండ వేశారు. చిక్కమ్మ అందరి ముందూ చేతులు జోడించింది.

"తప్పయిపోయిందప్పా," అంది.

శనివారం ఆయన, పెట్రోలు కరువులో బొగ్గుతో నడిచే బస్సెక్కి ఆనేకల్ వెళ్ళాడు. మునినారాయణప్ప అరుగు మీద తమలపాకులకు సున్నం రాసుకుంటున్నాడు. అశ్వత్థప్ప రూపాయి తీసి అతని పక్కన పెట్టాడు.

"మూటలు బండికెత్తించు."

"లేవన్నా. నిన్న రాత్రే పేటకు తోలేస్తిని. ఈపాటికి మగ్గాలకు ఎక్కుంటాది."

"నా నూలు ఎవర్నడిగి తోలితివి?"

"నీదా? నిన్న అంతమంది ముందర పోగు కూడా లేదంటివంట కదా. ఇన్స్పెక్టరు కూడా వినెనంట."

అశ్వత్థప్ప నోరు తెరిచేలోగా లోపలి నుంచి చిక్కమ్మ మజ్జిగ చెంబుతో వచ్చింది.

"మా చిన్నాయన కొడుకప్పా వీడు. బుధవారం నీ దగ్గరికి పంపింది నేనే. ఎండనపడి వస్తివి, కూర్చో."

అశ్వత్థప్ప కూర్చున్నాడు. అరుగు మీది రూపాయి తీసి మళ్ళీ జేబులో వేసుకున్నాడు. ఆమెను అడిగాడు.

"మూటలు అటక మీదే పెట్టుకుని నేను దొంగ ప్రమాణం చేసుంటే ఏం చేస్తా ఉంటివే?"

చిక్కమ్మ చెంబు ఆయన చేతికిచ్చింది.

"నువ్వు దొంగవని పేటకంతా తెలుసప్పా. అమ్మవారి ముందర అబద్ధమాడవని నాకొక్కదానికే తెలుసు. ఆ నమ్మకంతోనే ప్రమాణం అడిగితిని."