బయటికి వెళ్లని డోర్కాస్

గొరోకా ఊళ్లోని ఆ కాఫీ గోదాములోకి డోర్కాస్ అనే మనిషి రోజూ ఉదయం ఆరింటికి వస్తోంది. బయటికి మాత్రం వెళ్లడం లేదు.

గేటు యంత్రంలో అలాగే నమోదవుతోంది. కొత్త భద్రతాధికారి కిలాకు ఒళ్లు మండింది. దొంగతనాలు ఆపమని ఆమెను పోయిన నెలే రాజధాని మోర్స్‌బీ నుంచి రప్పించారు. వచ్చేసరికి ముళ్లకంచె రెండుచోట్ల కోసేసి ఉంది. గేటు కెమెరా వైర్లు ఎవరో పీక్కుపోయారు. పోయినేడాది పనివాళ్లకు ఫొటో కార్డులైతే పెట్టారు కానీ, ఆ జాబితా సరిచూసిన నాథుడు లేడు. కాపలావాళ్లేమో "మావాడే కదా" అని ఎవరినైనా వదిలేస్తారు.

గింజలు ఏరే ఆడవాళ్ల దగ్గరికెళ్లి అడిగింది.

"ఎవరీ డోర్కాస్?"

అప్పటిదాకా ఇకఇకలాడుతున్నవాళ్లు చూపులు గింజల మీదికి దించేశారు. చివరికి రుట్ అనే ముసలామె నోరు విప్పింది. "గేటు కాపలా యోనాస్ పెళ్లాం. ఆ సంగతి వదిలెయ్ తల్లీ."

'అందరూ కూడబలుక్కున్నారు,' అనుకుంది కిలా.

మర్నాడు పొద్దున్నే గేటు పక్క గదిలో నక్కి కూర్చుంది. యోనాస్ వచ్చాడు. తన కార్డు యంత్రానికి ఆనించాడు. జేబులోంచి ఇంకోటి తీసి అదీ ఆనించాడు. తెరమీద ఓ నడివయసు ఆడమనిషి మొహం మూడు క్షణాలు వెలిగి ఆరిపోయింది.

"దొరికావు పెద్దాయనా! ఈ కార్డు మీద ఎవర్ని లోపలికి దూరుస్తున్నావు?"

"ఎవర్నీ లేదు మేడమ్."

"మరెందుకు గీకుతున్నావు?"

"మొహం కనబడుతుందని."

కిలా ఫక్కున నవ్వింది. "కొత్త పెళ్లికొడుకువి మరి! ఇంట్లో చూసింది చాల్లేదా?"

యోనాస్ ఆ రెండో కార్డును చొక్కాకు తుడిచాడు.

డోర్కాస్ పేరు జాబితాలోంచి తీసేయడానికి కిలా కంప్యూటర్ ముందు కూర్చుంది.

"తీసేస్తే ఫొటో కూడా పోతుందా మేడమ్?"

"ఆనవాలు కూడా మిగలదు."

"ఇంకొక్కసారి ఆనించనా?"

"ఈ వేషాలు నా దగ్గర కాదు. ఉద్యోగం పీకనందుకు సంతోషించు."

కిలా మీట నొక్కింది. ఒక కన్నం పూడ్చేశానని తృప్తిగా ఊపిరి పీల్చుకుంది.

యోనాస్ టోపీ సర్దుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. వచ్చిన ప్రతి ఆడమనిషికీ పేరుపేరునా దండం పెట్టి దారి వదిలాడు.

అక్కడే గింజలు ఏరిన డోర్కాస్‌ను మట్టిచేసి అప్పటికి ఎనిమిది నెలలు. ఆమె బతికుండగా తీసిన ఫొటో అదొక్కటే.