మోకు లేని గుట్ట

"తుపాకుల ఆటలొద్దు బాపూ. గుట్టెక్కే ఆటుంది," అంటూ శృతి కొత్త వీఆర్ హెడ్‌సెట్‌ను తండ్రి తలకు తగిలించింది.

నడుముకు మోకు బిగించి చెట్లెక్కి కల్లు గీసే కట్టయ్య తాటిచెట్టు మీంచి పడ్డాక, మోకాలు నొప్పంటూ మళ్లీ చెట్టెక్కలేదు.

"మోకేది బిడ్డా?"

"ఉత్తుత్తి గుట్టకు మోకెందుకు? చేతులతోని ఎక్కు."

"మోకు లేకుండ ఎక్కేది కోతులే."

"నువ్వేం తక్కువా? ఎక్కు," అంది భార్య పోశమ్మ.

కుర్చీలోనే కూర్చుని, గాలిలో చేతులాడిస్తూ సగం ఎక్కాడు. కిందికి చూశాడు. కుర్చీని గట్టిగా పట్టుకున్నాడు.

"దించు బిడ్డా!"

"మోకాలు నొస్తుందా?"

"మోకాలు కాదే... భయం."

పోశమ్మ గయ్యిమంది. "మరి ఇన్నాళ్లూ నాతోని మోకాలికి నూనె ఎందుకు రుద్దిచ్చుకుంటివి?"

"భయానికి యాడ రుద్దమందునే?"

పోశమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"సరే, ముందు కుర్చీ దిగు."