ఆకు కప్పు, పురుగు కప్పు

నాలుకయ్య అక్కగారి వెనక గదిలో అడుగుపెట్టి, పెట్టిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

తట్టల నిండా గొంగళిపురుగులు. వాటి కింద కొరికేసిన చెర్రీ ఆకులు. ఆకుల కింద ఆవగింజల్లా నల్లటి పెంటికలు.

"ఛీ! ఈ పెంటికలతోనా టీ? మనుషులు తాగేదేనా అక్కా?"

"అవి తిన్నదంతా చెర్రీ ఆకేగా. ఎండబెడితే పూల వాసనేస్తుందిరా. తాగి చెప్పు."

ఆయన టీ కంపెనీలో రుచి చూసే ఉద్యోగి. ఈగ కప్పు అంచున వాలి ఎగిరిపోతే, ఏ పూట వాలిందో కూడా చెబుతాడని ప్రతీతి. అందుకే ఆ పేరు. ఆయన సంతకం పెడితేనే కంపెనీ అక్క సరుకు తీసుకుంటుంది. లేదంటే రెండేళ్లుగా ఆ పురుగులకు చేసిన చాకిరీ చెత్తకుప్పపాలే.

వంటింట్లో బల్ల మీద రెండు తెల్ల కప్పులు. ఎడమది చెట్టుది, ఒట్టి చెర్రీ ఆకు. కుడిది చిమ్మటది, పెంటికల టీ. ఆ పురుగులు రెక్కలొచ్చి అయ్యేది చిమ్మటలే మరి.

నాలుకయ్య పద్ధతులు నాలుకయ్యవి. చల్లటి కప్పులో పోసిన టీ ముట్టడు. రంగు చూస్తే నాలుక మోసపోతుందని కళ్లకు రుమాలు కట్టుకుంటాడు.

అక్క కెటిల్ వంచింది. రెండు కప్పుల్లోంచీ ఆవిరి లేచింది. కళ్లకు రుమాలుతోనే ఆయన చెయ్యి చాచాడు.

"ఆగరా తమ్ముడూ, ఇంకా..."

"మాట్లాడకు. రుచి చూసేటప్పుడు మాటల వాసన కూడా పడదు నాకు."

ఎడమ కప్పు గుటకేశాడు. మొహం విప్పారింది.

"ఇదీ చెట్టంటే. ముందు వానకి తడిసిన బెరడు, వెనకాలే లేతపువ్వు."

కుడి కప్పు పెదవికి ఆనిందో లేదో, ఒళ్లంతా జలదరించింది. రుమాలు తీయకుండానే తడుముకుంటూ సింకు దగ్గరికి పరిగెత్తి భళ్లున కక్కాడు.

"నూగు గొంతులో పాకుతోంది. ముక్కిపోయిన ఉన్ని కంపు. పొట్టలో రెక్కలు కొట్టుకుంటున్నాయే!"

"ఒక్క నిమిషం నా మాట..."

"అక్కవైనా సరే, అబద్ధం రాయను."

బల్లవైపు చూడ్డానికి కూడా మనసొప్పక, గోడకేసి తిరిగి రుమాలు విప్పాడు. కాగితం మీద రాశాడు: చెట్టు అమోఘం, చిమ్మట అసహ్యం. కింద సంతకం గిలికాడు.

అక్క ఆ కాగితం అందుకుని, నాలుగు మడతలు పెట్టి నడుముకు దోపుకుంది.

"ఇప్పుడు కూర్చోరా తమ్ముడూ, నువ్వు తాగింది కప్పులు వేడెక్కడానికి పోసిన నీళ్లు, టీ రెండూ ఇంకా పొయ్యి మీదే ఉన్నాయి."